ఫోనులోని పాపతో మీ పాపను తూచకండి!

మధ్యాహ్నం మూడు గంటలు. రాత్రంతా ఏడ్చి ఏడ్చి మీ బిడ్డ ఇప్పుడే కళ్లు మూసింది. పళ్లెంలో అన్నం చల్లారిపోయింది. పాలు కారి జాకెట్టు తడిసింది. తల దువ్వుకుని రెండు రోజులైంది. కాస్త నడుం వాల్చుదామని మంచం మీదికి చేరారు. చేయి తనంతట తానే ఫోను దగ్గరికి పోయింది.

ఫోనులో ఒక తల్లి. మీకు కాన్పయిన వారంలోనే ఆమెకూ అయిందట. మడత నలగని తెల్లటి దుప్పటి, దాని మీద బొద్దుగా, నున్నగా, నవ్వుతున్న పాప. తల్లి పొట్ట అప్పుడే లోపలికి పోయింది. పక్కన భర్త, వెనక అత్తగారు, అందరి ముఖాల్లోనూ వెలుగే. కింద వందల మంది మెచ్చుకోళ్లు.

మీరు ఫోను పక్కన పెట్టి మీ బిడ్డ వైపు చూశారు. ఇందాక ముద్దు పెట్టుకున్న బిడ్డే! ఇప్పుడు మాత్రం చేతులు సన్నగా కనిపిస్తున్నాయి. రంగు తక్కువనిపిస్తోంది. "నా పాలు సరిపోవడం లేదేమో, నేనే సరిగ్గా పెంచడం లేదేమో" అని గుండెలో ఏదో బరువు.

ఒక్క సంగతి గమనించండి. ఆ నిమిషంలో మీ బిడ్డ బరువు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. మీ ధైర్యం మాత్రం తగ్గింది. ఆ తగ్గిన ధైర్యంతో తల్లులు తీసుకునే నిర్ణయాలే ఒక్కోసారి బిడ్డకూ, తల్లికీ కూడా చేటు చేస్తాయి. అందుకే ఈ వారం ఈ విషయం.

ఆసుపత్రి బెంచీ మీద మాట

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల ప్రాంతాల్లో పిల్లల డాక్టరు గది ముందు కాసేపు కూర్చుంటే ఇలాంటి మాట తప్పకుండా చెవిన పడుతుంది.

"మా ఆడబిడ్డ కొడుకు ఎంత బొద్దుగున్నడో ఫోన్ల పెట్టింది డాక్టరమ్మా. మా పొల్లను చూడుర్రి, ఎట్ల పల్చగున్నదో. నా పాలల్ల బలం లేదంటున్నరు. డబ్బా పాలు రాసియ్యుర్రి."

"కార్డు తెచ్చినవా బిడ్డా?"

"ఏం కార్డు?"

"అంగన్‌వాడీల ఇచ్చిన కార్డు. పిల్ల బరువు రాస్తరు చూడు, గది."

"ఇంట్లనే మర్చిపోయిన. ఫోన్ల ఆడబిడ్డ కొడుకు ఫోటో ఉన్నది, చూపియ్యాల్నా?"

నవ్వుకోకండి. ఆ తల్లి ఒక్కతే కాదు, మనలో చాలామందిమి అంతే. మన బిడ్డ బరువు రాసిన కార్డు ఇంట్లో ఉంటుంది. పరాయి బిడ్డ ఫోటో మాత్రం ఎప్పుడూ చేతిలో ఉంటుంది!

పోలిక కొత్తది కాదు

పోల్చుకోవడం మనిషి సహజ గుణం. 1954లో లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద ఒక సిద్ధాంతమే రాశారు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: కొలవడానికి ఖచ్చితమైన కొలత ఏదీ దొరకనప్పుడు మనిషి పక్కవాడిని చూసి తనను తాను అంచనా వేసుకుంటాడు. పొలానికి గుంటలున్నాయి, బియ్యానికి కిలోలున్నాయి. కాని "నేను మంచి తల్లినేనా?" అన్న ప్రశ్నకు ఏ కొలత ఉంది? అందుకే తల్లి పక్కింటి వైపు చూస్తుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఒకప్పుడు గోడ మీది క్యాలెండరులో బొద్దు పాప ఉండేది. పాలపొడి డబ్బా మీదా ఉండేది. ఆ డబ్బా మీది పాపను చూసి తన బిడ్డా అలా ఉండాలని తల్లి ఆశపడేది, చన్నుపాలు మాన్పించి డబ్బా కొనేది. ఈ ప్రమాదం గుర్తించే మన దేశంలో 1992లో పసిపిల్లల పాలపొడి, పాలసీసాల అమ్మకాలను అదుపు చేస్తూ ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టం ప్రకారం పాలపొడి డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ గాని, తల్లి బొమ్మ గాని వేయకూడదు. వాటికి ప్రకటనలు ఇవ్వకూడదు.

డబ్బా మీది నుంచి చట్టం తీసివేసిన ఆ బొద్దు పాప ఇప్పుడు ఫోనులోకి వచ్చి కూర్చుంది! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదికల్లో ఇదే సంగతి చెప్పింది. పాలపొడి కంపెనీలు ఫోన్ల ద్వారా, డబ్బు తీసుకుని మాట్లాడే ప్రముఖుల ద్వారా గర్భిణులనూ బాలింతలనూ చేరుకుంటున్నాయని హెచ్చరించింది. కనుక మీరు చూసే ప్రతి "సంతోష కుటుంబం" వెనుక సంతోషమే ఉందనుకోవద్దు. కొన్నింటి వెనుక సరుకు కూడా ఉంటుంది.

ఫోటోలో కనిపించనిది

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి మీకు తెలిసే ఉంటుంది. 2012లో మొదలైన "మై విలేజ్ షో" ఆ ఊరిని దేశమంతా చూసేలా చేసింది. గంగవ్వ మాటలకు నవ్వని ఇల్లు లేదు. అక్కడ నిజమైన వాకిలి, నిజమైన పొయ్యి, నిజమైన మన భాష కనిపిస్తాయి. అయినా ఆ సహజమైన దృశ్యం వెనుక కూడా కథ రాసేవారు, కెమెరా పట్టేవారు, నచ్చని ముక్క కత్తిరించేవారు ఉన్నారు. వారు దాన్ని కథగానే చూపిస్తారు, మనమూ కథగానే చూస్తాం. అందువల్ల ఎవరికీ నష్టం లేదు.

చిక్కంతా కథను జీవితమని చూపించినప్పుడే. బిడ్డ నవ్విన ఒక్క క్షణం కోసం నలభై ఫోటోలు తీసి, ముప్పైతొమ్మిది చెరిపివేసి, మిగిలిన ఒక్కటీ ముఖం తెల్లబడేలా దిద్ది పెడతారు. ఆ పాపా రాత్రి రెండింటికి ఏడుస్తుంది. ఆ తల్లికీ కుట్లు సలుపుతాయి. ఆ ఫోటోలు ఎవరూ పెట్టరు.

2022లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. కొత్తగా తల్లులైన వారిలో కొందరికి తీర్చిదిద్దిన మాతృత్వపు ఫోటోలు, కొందరికి ఉన్నదున్నట్టు చూపే ఫోటోలు చూపించారు. తీర్చిదిద్దినవి చూసిన తల్లుల్లో ఆందోళన, అసూయ ఎక్కువయ్యాయి. తమను ఇతరులతో పోల్చుకునే అలవాటు ఎక్కువగా ఉన్నవారి మీద ఆ ప్రభావం ఇంకా బలంగా పడింది. కనుక ఫోను మూశాక మీకు మనసు బాగాలేకపోతే అది మీ చెడ్డ బుద్ధి కాదు. పులుపు తింటే నోరూరినట్టే ఇదీనూ.

పోలిక రెండు వైపులా మోసమే

ఇక అసలు సంగతికి వద్దాం. కరీంనగర్ పట్టణంలో ఉన్న తల్లికి ఫోనులోని బొద్దు పాపను చూసి, ఆరోగ్యంగా ఉన్న తన బిడ్డ బక్కగా కనిపిస్తుంది. అదే ఆదిలాబాదు ఏజెన్సీలో, ఉట్నూరు చుట్టుపక్కల ఒక గూడెంలోని తల్లిని తీసుకోండి. చుట్టూ ఉన్న పిల్లల్లో చాలామంది సన్నగానే ఉంటారు. వారి మధ్య, నిజంగా బరువు తగ్గిన తన బిడ్డ కూడా మామూలుగానే కనిపిస్తుంది. "మా తాన పిల్లలందరు గిట్లనే ఉంటరు" అంటుంది.

ఒక తల్లికి లేని జబ్బు కనిపించింది. ఇంకొక తల్లికి ఉన్న జబ్బు కనిపించలేదు. ఇద్దరినీ మోసగించింది పోలికే. ఇద్దరికీ మందు కూడా ఒక్కటే: అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డు.

ఖచ్చితమైన కొలత లేనప్పుడే మనిషి పక్కవాడిని చూస్తాడని కదా ఫెస్టింగర్ అన్నది. బిడ్డ పెరుగుదలకు ఖచ్చితమైన కొలత ఉంది! అది మీ ఇంట్లోనే, ఏ ట్రంకు పెట్టెలోనో ఉంది.

కార్డు ఎలా చూడాలి?

ఆ కార్డులోని గీతలు ఎవరో ఊహించి గీసినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలను తూచి, కొలిచి, 2006లో ఈ ప్రమాణాలను ప్రకటించింది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. తల్లిపాలు తాగి, సరైన పోషణ అందిన పిల్లలు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకే తీరుగా పెరుగుతారని ఆ పరిశీలనలో తేలింది.

కార్డులో ఆడపిల్లకు, మగపిల్లవాడికి వేర్వేరు పటాలుంటాయి. ప్రతి నెలా బరువు చూసి ఒక చుక్క పెడతారు. చుక్కలన్నీ కలిపితే గీత వస్తుంది. ఆ గీత పైకి పోతున్నదా అన్నదే ముఖ్యం. పైకి పోతుంటే బిడ్డ పెరుగుతున్నట్టు. అడ్డంగా పోతుంటే జాగ్రత్త పడాలి. కిందికి వంగితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఆరు నెలలు నిండిన ఆడపిల్ల ఎంత బరువుండాలి? సగటున 7.3 కిలోలు. కాని 5.7 కిలోల నుంచి 9.3 కిలోల వరకు ఎంతున్నా ప్రమాణాల ప్రకారం అది మామూలు పరిధిలోకే వస్తుంది. అంటే ఒకే నెలలో పుట్టిన ఇద్దరు ఆరోగ్యవంతులైన ఆడపిల్లల మధ్య మూడున్నర కిలోల తేడా ఉండవచ్చు! మీ పిల్ల ఆరు కిలోలుండి, గీత పైకి పోతుంటే, తొమ్మిది కిలోల పాప ఫోటో చూసి మీరు కంటతడి పెట్టుకోవలసిన పని లేదు.

పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గుతుంది. ఇది కూడా మామూలే. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. అయిదారు నెలలకు దానికి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. రెండు కిలోల మూడు వందల గ్రాములతో పుట్టిన బిడ్డను మూడున్నర కిలోలతో పుట్టిన బిడ్డ పక్కన పెట్టి చూడడం న్యాయమా? మీ బిడ్డను పోల్చవలసింది ఒక్కరితోనే. పోయిన నెలలో మీ బిడ్డ ఎంత ఉంది, ఈ నెలలో ఎంత ఉంది అని!

పాలు చాలడం లేదా?

"నా పాలు చాలవు" అని అనుకునే తల్లుల్లో ఎక్కువమందికి నిజానికి పాలు చాలినంత ఉంటాయి. పాలు నమ్మకం మీద, బిడ్డ చప్పరించడం మీద ఆధారపడి వస్తాయి. బిడ్డ ఎన్నిసార్లు తాగితే అన్ని పాలు తయారవుతాయి. భయపడి డబ్బా పాలు పట్టడం మొదలుపెడితే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది. దాంతో పాలు నిజంగానే తగ్గుతాయి. "చూశావా, నేను చెప్పలే?" అంటారు ఇంట్లోవాళ్లు!

మన కరీంనగర్ తల్లులు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కరీంనగర్ జిల్లాలో నూటికి 82 కాన్పులకు పైగా పెద్దాపరేషన్‌తోనే జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద ఆ సంఖ్య నూటికి 60కి పైన, దేశం మొత్తం మీద 21కి పైన. పెద్దాపరేషన్ అయిన తల్లికి పాలు పడడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. నొప్పి వల్ల బిడ్డను ఒళ్లోకి తీసుకోవడం కష్టం కావచ్చు. అది మీ లోపం కాదు. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వండి, సిస్టరును సాయం అడగండి. "నార్మల్ కాన్పు కాలేదు, నేను పూర్తి తల్లిని కాను" అని ఎవరో పెట్టిన మాటలు చదివి కుంగిపోవద్దు. కడుపు మీది కుట్లు కూడా బిడ్డ కోసం పడ్డవే.

పాలు చాలుతున్నాయని తెలుసుకోవడానికి గుర్తులు సులభం. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ మూత్రం పోస్తుంటే, తాగాక తృప్తిగా వదిలిపెడుతుంటే, కార్డులో గీత పైకి పోతుంటే చాలు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప ఇంకేమీ, మంచినీళ్లు కూడా, అవసరం లేదు. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్లు ఎక్కువ కలిపితే బిడ్డ బక్కచిక్కుతుంది. సీసా శుభ్రం కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. బరువు నిజంగా పెరగకపోతే, లేదా ఏ కారణం చేతనైనా డబ్బా పాలు తప్పనిసరి అయితే, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం పట్టండి. దానికీ సిగ్గుపడనవసరం లేదు.

"వాళ్ల పిల్ల అప్పుడే నడుస్తున్నదట!"

పిల్లలందరూ ఒకే రోజున ఒకే పని చేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు నాలుగు నెలల నుంచి తొమ్మిది నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. ఒంటరిగా నడవడం ఎనిమిది నెలలు దాటినప్పటి నుంచి పదిహేడున్నర నెలల వరకు ఎప్పుడైనా కావచ్చు. కొందరు పిల్లలు అసలు పాకకుండానే లేచి నిలబడతారు. ఎనిమిదో నెలలో నడిచిన పిల్ల వీడియో మీ ఫోనుకు వస్తుంది. పదహారో నెలలో నడిచిన పిల్ల వీడియో ఎవరు పెడతారు?

అయితే పోల్చవద్దన్నాను కదా అని అన్నింటికీ ఊరుకోవద్దు. పది నెలలైనా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడక గాని ఒక్క మాట గాని రాకపోయినా, చప్పుడుకు తిరగకపోయినా, వచ్చిన నవ్వు, వచ్చిన మాట పోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

మీ ఒంటి సంగతి

కాన్పయిన నెలకే నడుము సన్నబడ్డ తల్లిని ఫోనులో చూసి మీ పొట్ట తడుముకున్నారా? గర్భసంచి మామూలు పరిమాణానికి రావడానికే ఆరు వారాలు పడుతుంది. తొమ్మిది నెలలు సాగిన కండరాలు బిగియడానికి నెలలు పడుతుంది. మూడో నెల ప్రాంతంలో దువ్వెన నిండా జుట్టు ఊడడం కూడా చాలామందిలో కనిపించేదే. తరువాత తిరిగి వస్తుంది. నడుము తగ్గాలని పాలిచ్చే రోజుల్లో అన్నం మానేయకండి.

నీరసాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. అదే సర్వేలో మన రాష్ట్రపు ఆడవారిలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, చిన్న పనికే చికాకు... ఇవి మీ "చేతకానితనం" కాకపోవచ్చు, రక్తం తక్కువ కావడం కావచ్చు. కాన్పు తరువాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. ఏఎన్‌ఎమ్ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. థైరాయిడ్ గ్రంథి లోపం కూడా కాన్పు తరువాత బయటపడవచ్చు. రక్తపరీక్ష చేయించుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: మీ మనసు

ఇప్పుడు చెప్పబోయేది తల్లులే కాదు, ఇంట్లో అందరూ చదవాలి.

కాన్పయిన మూడు నాలుగు రోజులకు తల్లికి ఊరికే ఏడుపు వస్తుంది. కాసేపు నవ్వు, కాసేపు దుఃఖం. సగం మందికి పైగా తల్లుల్లో ఇది కనిపిస్తుంది. రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. విశ్రాంతి, వేడి అన్నం, ఒక మంచి మాట చాలు.

రెండు వారాలు దాటినా పోకపోతే? రోజంతా దిగులు, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం, "నేను పనికిమాలిన తల్లిని" అన్న మాట మనసులో తిరుగుతూ ఉండడం... ఇది గుణం కాదు, పొగరు కాదు, జబ్బు. కాన్పు తరువాత వచ్చే మానసిక కుంగుబాటు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం నూటికి 22 మంది తల్లుల్లో ఇది కనిపించింది. ఫోనులో అందరూ నవ్వుతూ కనిపించడం వల్ల, కుంగిపోయిన తల్లి "ఈ లోకంలో నాకొక్కదానికే ఇలా ఉంది" అనుకుంటుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పదు. పోలిక చేసే అసలు కీడు ఇదే. జబ్బును దాచిపెడుతుంది!

పాత కరీంనగర్ జిల్లాలో ఎన్నో ఇళ్లలో భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి ఒక చేత్తో తొట్టెల ఊపుతూ, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతుంది. రాత్రికి వీడియో కాల్ వస్తుంది. "ఏందే, పిల్ల గింత పల్చగయింది? మా దోస్తు పిల్లను చూడు, ఎట్లున్నదో!" అంటాడు. ఆయనకు బిడ్డ మీద ప్రేమే. ఎత్తుకోలేని బాధ అది. కాని ఆ మాట వినే ఆమెకు పొద్దుటి నుంచి దొరికిన ఒకే ఒక మాట అదే! తమ్ముడూ, నీవు ఫోను చేయగానే మొదట "పిల్ల తిన్నదా" అని కాదు, "నువ్వు తిన్నవా, పండుకున్నవా" అని అడుగు. ఖర్చు లేని మందు ఇది.

అత్తగారూ, అమ్మగారూ! మీరు మందులతో, కాయంతో, వేడినీళ్ల స్నానంతో బాలింతను కాపాడిన వారు. ఆమె రెండు గంటలు ఏకబిగిన నిద్రపోయేలా బిడ్డను మీరు పట్టుకోండి. పెద్ద కోడలి పిల్లతో చిన్న కోడలి పిల్లను మాత్రం పోల్చకండి.

ఈ కుంగుబాటు నయమవుతుంది. మాటల ద్వారా చేసే చికిత్స ఉంది. అవసరమైతే పాలిస్తూనే వాడదగిన మందులున్నాయి. ఏది వాడాలో డాక్టరు చెబుతారు. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆదిలాబాదు రిమ్స్‌లో, కరీంనగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఎక్కడుందో అడగండి. అంత దూరం పోలేకపోతే ముందు మీ ఆశ కార్యకర్తకు, ఏఎన్‌ఎమ్‌కు చెప్పండి.

ఒక హెచ్చరిక. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, తీవ్రమైన మానసిక వ్యాధి వస్తుంది. నిద్ర పూర్తిగా పోవడం, లేని మాటలు వినిపించడం, అందరి మీదా అనుమానం, పొంతన లేని మాటలు దాని లక్షణాలు. "బాలింతకు గాలి సోకింది" అని తాయెత్తులతో కాలం గడపవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందని తల్లి అన్నా, బిడ్డకు హాని చేస్తానేమోనని భయపడినా అంతే. తల్లిని గాని బిడ్డను గాని ఒంటరిగా వదలకుండా, 108కి ఫోను చేసి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ఫోనును ఏం చేయాలి?

పారేయనక్కర లేదు. దూరాన ఉన్న భర్తను, పుట్టింటిని దగ్గర చేసేదీ ఆ ఫోనే కదా! కొన్ని జాగ్రత్తలు మాత్రం పాటించండి.

బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఫోను చూడకండి. బిడ్డ కళ్లు చూడండి. రాత్రి నిద్రలేచినప్పుడు టైము చూసి పక్కన పెట్టండి.

ఎవరి ఫోటోలు చూశాక మీకు దిగులు కలుగుతున్నదో గమనించి, అవి కనిపించకుండా చేయండి. మీ ఆడబిడ్డదైనా సరే! అది పగ కాదు, పథ్యం. ఒంటికి పడని కూర మానేసినట్టే.

పాలపొడి, బలం పొడి, నడుము తగ్గించే కషాయం గురించి ఎవరైనా తీయగా చెబుతుంటే, చివర్లో ఏమి అమ్ముతున్నారో చూడండి.

అంగన్‌వాడీలో తూకం వేసే రోజు తప్పకుండా పొండి. కార్డును ఆ ఫోనులోనే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మనసు చెదిరినప్పుడు తీసి చూసుకోండి. ఆసుపత్రికి మరచిపోయే బాధా ఉండదు.

కాకిపిల్ల కాకికి ముద్దు అని మనం వెక్కిరింతగా అంటాం. ఆలోచిస్తే ఆ సామెతలో వైద్యం ఉంది. కాకి తన గూటిలోని పిల్లనే చూస్తుంది, కోయిలను చూసి కుంగిపోదు. నెమలి పిల్ల ఫోటో దాని దగ్గర లేదు!

ఇక ఫోను పక్కన పెట్టండి. అన్నం వేడి చేసుకుని తినండి. మూడున్నర కావస్తోంది, బిడ్డ లేచే వేళయింది.